బ్యాలట్ మీద పేరు లేకుండా టెక్సాస్ హౌస్‌కు పోటీ: మీ బావమరిది కాగితం మీద సంతకం పెట్టే ముందు

ఇప్పుడే చదవడం మొదలుపెట్టిన వారి కోసం ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. డాలస్‌కు ఉత్తరాన ఉంటున్న మీ బావమరిది అమెరికా ఆర్మీలో పనిచేశారు, ఆ సర్వీసుతోనే పౌరసత్వం వచ్చింది. ఇప్పుడు ఆర్మీ రిజర్వులో ఉంటూ, వెటరన్స్ అఫైర్స్ (మాజీ సైనికుల వ్యవహారాల) శాఖ ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తున్నారు. వారి నియోజకవర్గంలో టెక్సాస్ హౌస్ (రాష్ట్ర శాసనసభలో దిగువ సభ) సీటుకు ఒకే ఒక్క పార్టీ అభ్యర్థి ఉన్నారు, ఎదురు ఎవరూ లేరు. ప్రైమరీలు (పార్టీలు తమ అభ్యర్థిని తేల్చుకునే ఎన్నికలు) ముగిశాయి, బ్యాలట్ మీద పేరు వేయించుకునే దారి మూసుకుపోయింది. అందుకని, ఓటర్లే బ్యాలట్ మీద తన పేరు రాసే రైట్-ఇన్ అభ్యర్థిగా దిగాలనుకుంటున్నారు. గెలిచే అవకాశం ఎంత అని మీరు అడిగారు.

నేను చాలా ఏళ్ళుగా టెక్సాస్‌లో పోలింగ్ కేంద్రాల్లో క్లర్కుగా పనిచేస్తున్నాను. ఎన్నికలు లేనప్పుడు చిన్న పదవులకు పోటీ చేసేవారి ఫారాలు చూసిపెడుతుంటాను. గెలుపు సంగతికి తరువాత వస్తాను. మీరు ప్రశ్న మధ్యలో మామూలుగా అనేసి దాటిపోయిన ఆయన ఉద్యోగం సంగతే అసలు సమస్య.

వెటరన్స్ అఫైర్స్ ఆసుపత్రి ఉద్యోగి అంటే ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగి. 1939 నాటి హాచ్ చట్టం ప్రకారం ఫెడరల్ ఉద్యోగి పార్టీల ఎన్నికలో అభ్యర్థి కాకూడదు. తాను ఏ పార్టీకీ చెందకపోయినా ఇదే నియమం. ఎదుటి అభ్యర్థి రిపబ్లికన్ పేరుతోనో డెమొక్రాట్ పేరుతోనో నిలబడితే అది పార్టీల ఎన్నికే అవుతుంది, అందులో ఇండిపెండెంటుగా దిగినా రైట్-ఇన్‌గా దిగినా ఉల్లంఘనే. సెలవు పెట్టి పోటీ చేస్తానంటే కుదరదు. ప్రకటన చేయడం, సంతకాలు సేకరించడం, చందాలు అడగడం వంటి తొలి అడుగులు కూడా నిషేధంలోకే వస్తాయి. శిక్ష మందలింపుతో ఆగవచ్చు, ఉద్యోగం ఊడే దాకా పోవచ్చు, అయిదేళ్ళ దాకా ఫెడరల్ ఉద్యోగానికి అనర్హుడిని చేయవచ్చు. మన దగ్గర కూడా ప్రభుత్వ ఉద్యోగి రాజీనామా చేయకుండా అసెంబ్లీకి నామినేషన్ వేయలేడు కదా, ఇదీ అలాంటిదే. అయితే ఇక్కడ ఆ సంగతి ఎవరూ గుమ్మం దగ్గర ఆపి చెప్పరు. ఫారం తీసుకునే గుమాస్తా మీ యజమాని ఎవరో చూసి తిరస్కరించడు. ఫిర్యాదు ఆ తరువాత వస్తుంది, సాధారణంగా ఎదుటి పక్షం నుంచే.

వెటరన్ కావడం అడ్డు కాదు. సైనిక పెన్షను, వైకల్య భృతి తీసుకోవడమూ అడ్డు కాదు. ఇప్పుడు ఫెడరల్ పౌర ఉద్యోగంలో ఉండడమే అడ్డు. తపాలా ఉద్యోగులకూ ఇదే వర్తిస్తుంది. సైన్యం నుంచి బయటికి వచ్చినవారు చాలామంది ఇలాంటి కొలువుల్లో చేరతారు కాబట్టి ఈ చిక్కులో పడేవారు తక్కువేమీ కాదు. వాషింగ్టన్‌లోని ఆఫీస్ ఆఫ్ స్పెషల్ కౌన్సెల్ ఈ చట్టాన్ని అమలు చేస్తుంది. తన పరిస్థితి రాసి పంపితే లిఖితపూర్వకంగా సలహా ఇస్తారు, రుసుము లేదు. వాట్సాప్ గ్రూపులో ప్రకటించే ముందు ఆయన చేయవలసిన పని అది.

సరే, ఆయన రాజీనామాకు సిద్ధమే అనుకుందాం. దేనికోసం వదులుకుంటున్నారో కూడా తెలిసి ఉండాలి. టెక్సాస్ ప్రతినిధికి జీతం ఏడాదికి 7,200 డాలర్లు, దాని మీద సమావేశాల రోజులకు భత్యం. సభ బేసి సంవత్సరాల్లో 140 రోజులు కూర్చుంటుంది. పదవీకాలం రెండేళ్ళు. ఇల్లు గడవడానికి వేరే ఆదాయం ఉన్నవారి కోసం కట్టిన పదవి అది. దీనిమీద నాకు అభ్యంతరాలు ఉన్నాయి కానీ అవి మీ ప్రశ్నకు సంబంధం లేనివి.

ఇక పద్ధతి. రైట్-ఇన్ అంటే బ్యాలట్ మీద అచ్చయిన పేర్లతో పాటు ఒక ఖాళీ గీత ఉంటుంది, ఓటరు తనకు కావలసిన పేరు అక్కడ తానే రాస్తాడు. భారత్‌లో ఇది లేదు. అక్కడ ఎంత చిన్న ఇండిపెండెంటు అయినా ఈవీఎం మీద పేరూ గుర్తూ ఉంటాయి. అమెరికాలోనూ రాష్ట్రానికో తీరు. హవాయిలో రైట్-ఇన్ ఓటే లేదు, ఆ నిషేధం చెల్లుతుందని 1992లో బర్డిక్ వర్సెస్ టకూషి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాలిఫోర్నియాలో శాసనసభకు ప్రైమరీలో మాత్రమే పేరు రాయవచ్చు, నవంబరులో జరిగే తుది ఎన్నికలో కుదరదు. ఫ్లోరిడాలో ఇంకో కిటుకు ఉంది. పోటీదారులంతా ఒకే పార్టీ వారై, నవంబరులో ఎదురు లేకపోతే ప్రైమరీలో అందరూ ఓటు వేయవచ్చని అక్కడి రాజ్యాంగం చెబుతుంది. ఎవరో ఒకరి చేత రైట్-ఇన్ కాగితం వేయిస్తే చాలు, నవంబరులో పోటీ ఉన్నట్టు లెక్క, ప్రైమరీ తలుపు మిగతా ఓటర్లకు మూసుకుంటుంది. ఆ పేరు రాసేవారు ఉండరు, పని మాత్రం జరిగిపోతుంది. అందుకే రైట్-ఇన్ అనగానే కొందరు పాత్రికేయులు అనుమానంగా చూస్తారు. మీ బావమరిదికీ ఆ చూపు తగలవచ్చు.

టెక్సాస్‌లో ఎవరి పేరు పడితే వారి పేరు రాస్తే ఓటు లెక్కకు రాదు. ముందుగా ప్రకటించుకున్న రైట్-ఇన్ అభ్యర్థికి పడినదే ఓటు. రాష్ట్ర ప్రతినిధి పదవికి ఆ ప్రకటన పత్రాన్ని సెక్రటరీ ఆఫ్ స్టేట్ (రాష్ట్రంలో ఎన్నికల వ్యవహారాలు చూసే అధికారి) కార్యాలయంలో దాఖలు చేయాలి. దానితో 750 డాలర్ల రుసుమైనా కట్టాలి, లేదా 500 మంది ఓటర్ల సంతకాలైనా జతచేయాలి. గడువు ఎన్నికకు 78 రోజుల ముందు సాయంత్రం 5 గంటలు. 2026 నవంబరు 3 ఎన్నికకు లెక్క వేస్తే అది ఆగస్టు 17, సోమవారం. నా సలహా రుసుము కట్టేయమనే. సంతకాలు సేకరిస్తే జనంతో పరిచయం అవుతుందని కొందరు అంటారు. నిజమే కానీ నియోజకవర్గం బయటివారు, ఓటరుగా నమోదు కానివారు, చిరునామా తప్పుగా రాసేవారు పోగా 500 మిగలాలంటే ఎన్నో ఎక్కువ తేవాలి. ఆగస్టు ఎండలో ఆ శ్రమ పడేకంటే అదే సమయం తలుపులు తట్టడానికి వాడుకోవచ్చు. అర్హతలు మీకు తెలిసే ఉంటాయి: పౌరసత్వం, 21 ఏళ్ళ వయసు, రాష్ట్రంలో రెండేళ్ళ నివాసం, నియోజకవర్గంలో ఏడాది నివాసం. 2021లో సరిహద్దులు మార్చారు కాబట్టి, తన ఇల్లు ఏ నంబరు నియోజకవర్గంలో ఉందో పాత ఓటరు కార్డు చూసి కాక కొత్త మ్యాపు చూసి తేల్చుకోవాలి.

పేరు దగ్గర కాస్త ఆగాలి, మన వాళ్ళకు అసలు చిక్కు అక్కడే. సుబ్రహ్మణ్యేశ్వరరావు అనే పేరును పోలింగ్ బూత్‌లో నిలబడి ఇంగ్లిషు అక్షరాల్లో కూడబలుక్కుని రాయమంటే ఎంతమంది రాస్తారు? టెక్సాస్ చట్టం మారుపేరును అనుమతిస్తుంది. అది పది అక్షరాలు దాటని ఒకే మాట అయి ఉండాలి, కనీసం మూడేళ్ళుగా ఆ పేరుతో జనంలో తెలిసి ఉండాలి, నినాదంలా ఉండకూడదు. ఆర్మీలో తోటివారు ఆయన్ను పొట్టి పేరుతో పిలిచి ఉంటారు, అది ఇప్పుడు అక్కరకు వస్తుంది. కానీ సార్జెంట్ అనో కెప్టెన్ అనో హోదా జోడిస్తానంటే ఒప్పుకోరు. బ్యాలట్ పేరు పక్కన హోదాలు పెట్టకూడదని అదే చట్టం చెబుతుంది.

పోలింగ్ రోజున బూత్‌లో ఏం జరుగుతుందో చెబుతాను. ప్రకటించుకున్న రైట్-ఇన్ అభ్యర్థుల జాబితాను ఓటు వేసే చోట అతికిస్తాం. చిన్న అక్షరాల కాగితం అది. దాన్ని చదివే ఓటర్లు ఉన్నారు కానీ తక్కువ. టచ్ స్క్రీను ఉన్నచోట ఓటరు రైట్-ఇన్ గడిని నొక్కితే తెర మీద కీబోర్డు వస్తుంది, పేరు కొట్టి ఒప్పుకోవాలి. కాగితం బ్యాలట్ అయితే పక్కనున్న గడి నింపి, గీత మీద పేరు రాయాలి. ఎవరైనా వచ్చి ఆ సైన్యంలో చేసినాయన పేరు ఏమిటండీ అని అడిగితే మేము పేరు చెప్పకూడదు. గోడ మీద జాబితా ఉంది చూడండి అనవచ్చు, అంతే. ఓటు వేసే చోటికి 100 అడుగుల లోపల ఫోను వాడకూడదు కాబట్టి, ఫోనులో దాచుకున్న మీ ప్రచార చిత్రం ఎందుకూ పనికిరాదు. పేరు తుడిచి కొట్టి, మళ్ళీ తుడిచి, చివరికి విసుగొచ్చి అచ్చయిన పేరు నొక్కి వెళ్ళిపోయినవారిని చూశాను. తన వాడకం కోసం చిన్న కాగితం ముక్క తెచ్చుకుంటే అభ్యంతరం లేదు, దాన్ని ఇతరులకు చూపకూడదు, బల్ల మీద వదిలేయకూడదు. అందుకని ప్రచారం డబ్బులో పెద్ద వాటా జేబులో పట్టే కార్డుకే పోవాలి. దాని మీద ఫొటో ఉన్నా లేకపోయినా పేరు పెద్ద ఇంగ్లిషు అక్షరాల్లో ఉండాలి, నియోజకవర్గం నంబరు ఉండాలి, గడి నొక్కి పేరు రాయమన్న ఒక్క వాక్యం ఉండాలి. తెలుగులో కార్డు వేసినా పేరు మాత్రం ఇంగ్లిషులోనే ఉండాలి. టెక్సాస్ బ్యాలట్ మీద తెలుగు లేదు.

గడి నింపకపోతే ఏమవుతుందో శాన్ డియాగో చూసింది. 2004లో అక్కడి మేయర్ పదవికి డోనా ఫ్రై అనే కౌన్సిల్ సభ్యురాలు రైట్-ఇన్‌గా దిగారు. అయిదు వేలకు పైగా బ్యాలట్ల మీద ఓటర్లు ఆమె పేరు రాశారు కానీ పక్కన గడి నింపలేదు. అవి లెక్కలోకి రాలేదు. కలిపి ఉంటే ఆమే గెలిచేవారు. అక్షరదోషాల విషయంలో న్యాయస్థానాలు కొంత ఉదారంగా ఉన్నాయి. 2010లో అలాస్కా సెనేటరు లీసా ముర్కౌస్కీ తన పార్టీ ప్రైమరీలో జో మిల్లర్ చేతిలో ఓడి, నవంబరులో రైట్-ఇన్‌గా నిలబడి లక్షకు పైగా ఓట్లు తెచ్చుకుని గెలిచారు. పేరు ఎలా రాయాలో చేతి పట్టీల మీద అచ్చు వేసి పంచారు. లెక్కింపు బల్లల దగ్గర మిల్లర్ మనుషులు అక్షరం అక్షరానికీ అభ్యంతరం పెట్టారు. ఓటరు ఉద్దేశం తెలిస్తే చాలు, అక్షరదోషం ఓటును చెడగొట్టదని ఆ డిసెంబరులో అలాస్కా సుప్రీంకోర్టు చెప్పింది. మీ బావమరిది గుర్తుంచుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఎన్నికలో మాజీ సైనికుడు మిల్లరే. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదివి, గల్ఫ్ యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. బ్యాలట్ మీద పార్టీ పేరుతో సహా అచ్చయి ఉండి కూడా, రాసిన పేరు చేతిలో ఓడిపోయాడు.

గెలిచిన రైట్-ఇన్‌లను వరుసగా చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. 1954లో సౌత్ కెరొలినా సెనేటరు ఒకరు హఠాత్తుగా చనిపోతే, పార్టీ పెద్దలు ప్రైమరీ పెట్టకుండా తమ మనిషిని నిలబెట్టారు. స్ట్రామ్ థర్మండ్ ఆ కోపాన్ని సొమ్ము చేసుకుని రైట్-ఇన్‌గా గెలిచాడు. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీలో గ్లైడరులో దిగిన సైనికుడే, కానీ ఓట్లు తెచ్చింది అది కాదు. అప్పటికే ఆ రాష్ట్రానికి గవర్నరుగా చేసిన మనిషి. (ఆయన జాతి విభజన రాజకీయాల గురించి చెప్పుకోవలసింది వేరే ఉంది.) రాష్ట్ర శాసనసభ స్థాయిలో అందరూ చెప్పుకునేది టెన్నెసీ ఉదంతం. 1998 అక్టోబరులో రాష్ట్ర సెనేటరు టామీ బర్క్స్‌ను ఎన్నికల ప్రత్యర్థే కాల్చి చంపాడు. నిబంధనల ప్రకారం చనిపోయినవారి పేరు బ్యాలట్ నుంచి తొలగించగా, నిందితుడి పేరు మాత్రం మిగిలింది. భార్య షార్లట్ బర్క్స్ రెండు వారాల్లో రైట్-ఇన్‌గా నిలబడి 30 వేలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. అవతలి వాడికి 1,500 చిల్లర పడ్డాయి.

వీరిలో ఎవరూ జనానికి కొత్తవారు కారు. పేరు ముందే నోట్లో నానుతోంది, పైగా ఊరంతా ఒక్కటయ్యేంత కోపమో జాలో కూడా తోడయింది. మీ బావమరిదికి ఈ రెండింటిలో ఏముంది? ఎదురు లేని అభ్యర్థి మీద మామూలు అసంతృప్తి ఉండవచ్చు. అది తలుపు తీయించగలదేమో కానీ, కీబోర్డు మీద పేరు కొట్టించలేదు. లెక్క కూడా చూడండి. 2022 నవంబరులో టెక్సాస్‌లో 80 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. 150 నియోజకవర్గాలకు పంచితే సగటున 53, 54 వేలు. ఒక్కో నియోజకవర్గంలో రెండు లక్షల దాకా జనాభా. పాతిక వేల మంది చేత తన పేరు రాయించాలి. న్యూ హాంప్‌షైర్‌లో అయితే మరో మాట చెప్పేవాణ్ణి. అక్కడి హౌస్‌లో 400 మంది సభ్యులు, జీతం ఏడాదికి 100 డాలర్లు, ప్రతినిధికి మూడు నాలుగు వేల జనాభా. అక్కడ సొంతంగా నడిచి తిరిగి పేరు రాయించుకోవచ్చు. టెక్సాస్‌లో ఒక్కటే ఊరట: 2020 నుంచి ఒక్క మీటతో పార్టీ మొత్తానికి ఓటు వేసే సదుపాయం తీసేశారు కాబట్టి, ఓటరు కనీసం ఆ పదవి దాకా వచ్చి ఆగుతాడు.

సైనిక సేవను ప్రచారంలో వాడుకోవడం గురించి. రిజర్వులో ఉంటూ యాక్టివ్ డ్యూటీలో (పూర్తికాల సైనిక విధుల్లో) లేనివారు పోటీ చేయవచ్చు. రక్షణ శాఖ 1344.10 నంబరు ఆదేశం అందుకు హద్దులు గీసింది. యూనిఫాంలో ఉన్న ఫొటో వాడవచ్చు కానీ, అది కరపత్రంలో ప్రధాన చిత్రం కాకూడదు. రక్షణ శాఖ గాని ఆర్మీ గాని తనను బలపరుస్తున్నట్టు కాదని స్పష్టంగా కనిపించేలా రాయాలి. ప్రచార సభకు యూనిఫాం వేసుకుని వెళ్ళకూడదు. డ్రిల్ రోజుల్లో, శిక్షణలో ఎన్నికల ఊసే వద్దు. సర్వీసు వివరాలు డీడీ-214 పత్రంలో (సైన్యం నుంచి విడుదలయ్యేటప్పుడు ఇచ్చేది) ఉన్నవి ఉన్నట్టే చెప్పాలి, అక్షరం కూడా పెంచకూడదు. రాని పతకం వచ్చిందని చెప్పి లాభం పొందితే 2013 స్టోలెన్ వాలర్ చట్టం కింద నేరం. అంతదాకా పోకపోయినా, యుద్ధంలో ఉన్నాను అనడానికి, యుద్ధ సమయంలో సర్వీసులో ఉన్నాను అనడానికి తేడాను సాటి వెటరన్లే మొదట పట్టుకుంటారు. పాత్రికేయులు అడగకముందే, సోషల్ సెక్యూరిటీ నంబరు కొట్టేసిన ప్రతిని సిద్ధంగా పెట్టుకోమనండి. తాత్కాలిక వీసాల్లో ఉన్నవారిని సైన్యంలోకి తీసుకుంటూ 2009 నుంచి 2016 దాకా నడిచిన మావ్‌ని పథకంలో చేరి పౌరసత్వం పొందినవారైతే ఆ కథను దాచనక్కరలేదు. విద్యార్థి వీసాలో ఉండి సైన్యంలో చేరడమేమిటని కుతూహలంగా వింటారు.

డబ్బు దగ్గర మనవాళ్ళు తెలియక చేసే పని ఒకటుంది. శ్రేయోభిలాషులు తలా వంద డాలర్లు పంపేస్తారు, వారిలో సగం మంది హెచ్-1బి మీద ఉంటారు. విదేశీ పౌరులు అమెరికాలో ఏ ఎన్నికకూ, రాష్ట్రానిదైనా ఊరిదైనా, విరాళం ఇవ్వకూడదు. ఫెడరల్ చట్టం నిషేధించింది. గ్రీన్‌కార్డు ఉన్నవారు ఇవ్వవచ్చు. హెచ్-1బి, ఎఫ్-1 వారు జీతం లేకుండా వాలంటీరుగా పని చేయవచ్చు, జేబు తీయకూడదు. చందా తీసుకునేటప్పుడే ఆ ప్రశ్న అడిగి నమోదు చేసుకోవాలి. ఇంకొకటి, ప్రచార కోశాధికారి నియామక పత్రం ప్రచార నిధుల లెక్కలు చూసే టెక్సాస్ ఎథిక్స్ కమిషన్‌కు చేరేదాకా రూపాయి తీసుకోకూడదు, ఖర్చు పెట్టకూడదు. కార్పొరేషన్ల డబ్బు అభ్యర్థికి అసలే కూడదు, స్నేహితుడి కన్సల్టెన్సీ కంపెనీ చెక్కు అయినా సరే. పన్ను మినహాయింపు ఉన్న గుడి వేదిక మీద, తెలుగు సంఘం సంక్రాంతి సభలో ఈయనకే ఓటు వేయండి అనిపించకూడదు. ఆ సంస్థ పన్ను హోదాకు ముప్పు రావచ్చు. ప్రసాదం దగ్గర నిలబడి పలకరించుకోవడం ఎవరి ఇష్టం వారిది.

ఇక నా అభిప్రాయం అడిగితే, ఈ నవంబరుకు వద్దనే చెబుతాను. గెలవరని కాదు, గెలవని పోటీలకూ ప్రయోజనం ఉంటుంది. ఎదురు లేని అభ్యర్థిని ఓటు లేకుండానే ఎన్నికైనట్టు ప్రకటించే వీలు టెక్సాస్ చట్టంలో ఉంది, ప్రకటించుకున్న రైట్-ఇన్ ఒకరు ఉంటే ఆ వీలు పోతుంది. అదే లక్ష్యమైతే, ఫెడరల్ ఉద్యోగం లేని మరొకరు ఆ పని చేయగలరు. ఆయనకు ఉన్న మంచి ఉద్యోగం, దాని పెన్షను, ఆరోగ్య బీమా వదులుకుని, పాతిక వేల మందికి అక్షరక్రమం నేర్పే పనికి దిగడం నాకు లాభసాటిగా కనిపించడం లేదు.

హాచ్ చట్టం పార్టీరహిత ఎన్నికలకు అడ్డు చెప్పదు. టెక్సాస్‌లో నగర కౌన్సిళ్ళు, స్కూలు బోర్డుల ఎన్నికలు పార్టీ పేర్లు లేకుండానే జరుగుతాయి, చాలాచోట్ల మే నెల మొదటి శనివారం. 2027లో అది మే 1, నామినేషన్ గడువు ఫిబ్రవరి మధ్యలో ముగుస్తుంది. ఉద్యోగంలో ఉంటూనే పోటీ చేయవచ్చు, బ్యాలట్ మీద పేరు అచ్చవుతుంది, ఓట్లు వేలల్లోనే ఉంటాయి. పార్టీ మద్దతు మాత్రం అడగకూడదు, పార్టీ పేరు తన కరపత్రం మీద వేసుకోకూడదు, ఆఫీసు సమయంలో గాని ఆఫీసు మెయిలు నుంచి గాని ఎన్నిక పని చేయకూడదు. మన పిల్లలు అంతమంది చదివే ఆ జిల్లాల్లో స్కూలు బోర్డు సమావేశాలకు వచ్చే తెలుగు తల్లిదండ్రులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆయన ముందు నెల నెలా అక్కడికి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టవచ్చు.

ఇంత చెప్పాక కూడా దిగుతానంటే ఈ క్రమంలో చేయమనండి: స్పెషల్ కౌన్సెల్ నుంచి లిఖిత సలహా, రిజర్వు యూనిట్ న్యాయాధికారితో ఒక మాట, రాజీనామా, కోశాధికారి పత్రం, ఆ తరువాతే రైట్-ఇన్ ప్రకటన. రాజీనామా తేదీ ఎన్నికల కాగితాలన్నింటికంటే ముందుది కావాలి. నియోజకవర్గం నంబరు, ఫారంలో పెట్టదలచిన పేరు రాసి పంపితే చూసి చెబుతాను.